శాలువాల ఆఫీసులో దగ్గు

కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా పడుకోవే అమ్మడూ. ఊఁ కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో, మిఠాయి కొట్టు మేడ మీద, పెళ్ళిసంబంధాలు చూసే ఆఫీసు ఒకటి ఉండేది. ఒక్కటే గది. కిటికీలన్నీ బిగించి, ఏసీ వేసుకుని, అందరూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. అందులో వకుళ అని ఒకావిడ పనిచేసేది. అబ్బాయి ఏం చదివాడు, అమ్మాయి ఎత్తెంత అని అడిగి అడిగి, ఆవిడకి ప్రతిదీ ఆరా తీయడం అలవాటైపోయింది. అచ్చం నీలాగే!

ఆ ఆఫీసు యజమాని పరాంకుశం గారు. మనసు వెన్న. కానీ ఆయనకో పిచ్చి. ఒంట్లో బాగోలేకపోయినా పనిలోకి వచ్చినవాళ్ళకి శాలువా కప్పి, చప్పట్లు కొట్టించి, ఫొటో తీయించి గోడకి తగిలించేవారు. మరి సన్మానమంటే ఎవరికి చేదు? ముక్కు కారుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అందరూ వచ్చి కూర్చునేవాళ్ళు.

ఇలా ఉండగా వకుళ తమ్ముడికి కూతురు పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టేసింది, గుప్పెడంత పిల్ల. దగ్గూ జలుబూ ఉన్నవాళ్ళని దాని దరిదాపులకి రానివ్వద్దన్నాడు డాక్టరు. వాళ్ళింట్లో బిడ్డని మొదటిసారి ఉయ్యాల్లో వేసేది మేనత్తే. వకుళకి పిల్లల్లేరు. ఆ పసిదాన్ని ఒక్కసారి ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది పాపం.

ఉయ్యాలకి ముహూర్తం పెట్టారు. ఆ వారమే వకుళ పక్క బల్ల జోగారావు దగ్గుతూ ఆఫీసుకొచ్చి శాలువా కప్పించుకున్నాడు. తర్వాత వకుళకి జ్వరం. ఉయ్యాల వాయిదా. ఆ తర్వాత ఇంకో ముహూర్తం పెట్టారు. ఈసారి ఎదురు బల్ల నాగరత్నం తుమ్ముకుంటూ వచ్చింది. వకుళ మళ్ళీ మంచమెక్కింది. మళ్ళీ వాయిదా.

"అక్కా, ఈ మూడో ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తుంది. ఇంక మంచిరోజులుండవు. ఆపలేమే," అన్నాడు తమ్ముడు.

ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరు మంచమెక్కుతుంటే పరాంకుశం గారు ఊరుకున్నారా? మొదట బల్లలన్నీ తూర్పుకి తిప్పించారు. ఆ తర్వాత గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు. ఆ తర్వాత నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడదీశారు. ఆ దగ్గు గుమ్మడికాయని చూసి జడుసుకుంటుందా, నువ్వే చెప్పు!

అసలిది ఎటునుంచి వస్తోందా అని వకుళకి ఒకటే ఆలోచన. అప్పుడు గోడ మీది ఫొటోలకేసి చూసింది. ఒక ఫొటోలో ఎర్రటి ముక్కు. పక్కదాంట్లో ముక్కుకి రుమాలు. ఆ పక్కదాంట్లో మూతలు పడిపోతున్న కళ్ళు. ఓసినీ, శాలువా కప్పి మరీ పిలుస్తున్నామా ఈ జబ్బుని అనుకుంది.

సరిగ్గా అప్పుడే పరాంకుశం గారు ఖళ్ళుఖళ్ళున దగ్గుతూ వచ్చారు. పైగా ముసిముసి నవ్వులు, ఈసారి నాకెవరు కప్పుతారా అని!

"సార్, మీరు ఇంటికెళ్ళి పడుకోండి," అంది వకుళ.

"నన్నేనా? జ్వరంతో వచ్చిన మనిషిని పొమ్మంటావా?"

"మీతోబాటు జ్వరమూ వచ్చిందండీ. అది మాలో ఎవర్నీ వదలదు. నా మేనకోడల్ని ఉయ్యాల్లో వెయ్యాలి సార్, ఇదే ఆఖరి ముహూర్తం," అని బావురుమంది.

ఆయన ముఖం చిన్నబోయింది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, కిటికీలు తెరవమని చెప్పి మెట్లు దిగిపోయారు. ఆ తర్వాత ఆ ఆఫీసులో ఒంట్లో బాగోకపోతే ఇంట్లోనే ఉండాలన్నది కట్టుబాటైంది. తుమ్మొస్తే రుమాలు అడ్డం, బయటినుంచి రాగానే సబ్బుతో చేతులు.

ముహూర్తం రోజు తెల్లారింది. వకుళ పట్టుచీర కట్టుకుంది. గొంతులో చిన్న గరగర. అంతే. జ్వరం లేదు, తుమ్ము లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. ఏం చేసిందనుకున్నావు?

తమ్ముడింటి గేటు దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. "లోపలికి రాను రా. గొంతు బాగోలేదు. అమ్మచేత వేయించెయ్యండి," అంది. కళ్ళనిండా నీళ్ళు.

అప్పుడు మరదలు పిల్లని పొత్తిగుడ్డల్లో చుట్టుకుని మేడ మీద పిట్టగోడ దగ్గరికొచ్చింది. "ఉయ్యాల్లో అత్తయ్యగారు వేస్తారు. పేరు మాత్రం మీరే పిలవాలి వదినా, ఇక్కడికి వినపడేలా!"

వకుళ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తల పైకెత్తి, వీధి వీధంతా తిరిగి చూసేలా కేకేసింది.

"మైథిలీ!"

గుప్పెడంత పిల్ల ఉలిక్కిపడి, కళ్ళు విప్పి, ఆ గొంతు వచ్చినవైపు తల తిప్పింది.

కథేమో కంచికి పోయె,
కళ్ళేమో మూసుకు పోయె,
దగ్గొస్తే ఇంట్లో ఉందాం,
తగ్గాక ముద్దులు ఇద్దాం.