దస్తగిరి ఉస్తాదు కూర్చున్న స్టూలు

మా తమ్ముడు ఓబులేసుకు ఒకటే బాధ. తన వెనక పనికి చేరినోళ్ళకు కూడా ఉస్తాదు మిషన్ చేతికిచ్చినాడు, తనకు మాత్రం ఇవ్వలేదు.

ఆదోనిలో దర్గాకు పోయే దారిలో దస్తగిరి ఉస్తాదుది గేట్లు, గ్రిల్లులు చేసే అంగడి. మా తమ్ముడు అక్కడ ఇనుము కోస్తాడు. తయారైన గేట్లకు నేను ఎర్ర ప్రైమరు పూస్తా. ఆ అంగట్లో ఒక ఆచారముంది. ఉరుసులో గంధం రోజున, పని పూర్తిగా వచ్చిందనుకున్న శిష్యుడికి ఉస్తాదు ఇనుము కోసే ఒక కొత్త గ్రైండరు మిషన్‌కు పూలదండ వేసి రెండు చేతులా అందిస్తాడు. ఆయన చేత్తో ఇచ్చిన మిషన్ ఉంటే ఆ బజారులో సొంత అంగడి పెట్టుకోవచ్చు. లేకుంటే నమ్మి పని ఇచ్చేవాళ్ళు ఉండరు.

పనితనంలో మావాడికి వంక పెట్టేదానికి లేదు. ఎంత లావు పైపైనా గీత గీసినట్టు కోస్తాడు. వచ్చిన చిక్కల్లా ఆ పొగరుతోనే. కళ్ళద్దాలు పెట్టుకోడు, ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూస్తాడు. మెడలో తువ్వాలు వేలాడుతూనే ఉంటుంది. పెద్ద మిషన్‌లో అరిగిపోయిన కోతచక్రం, ఆ డిస్కు, ఇంకా చానా మిగిలిందని, నడుమ ఒక వాషరు పెట్టి చిన్న మిషన్‌కు బిగిస్తాడు. చిన్న మిషన్ తిరిగే వేగం వేరు, ఆ డిస్కు దానికోసం చేసింది కాదు. పైగా అది పట్టాలంటే డిస్కు చుట్టూ ఉండే గార్డును ఊడబీకాల. అదీ పీకేసినాడు మహానుభావుడు. ఆ గార్డును వెల్లకిలా పెట్టి బీడీల బూడిద రాల్చుకునేవాడు.

"రేయ్, కళ్ళు పోతే ఏ సంతలో కొంటావురా?" అని నేను నెత్తీనోరూ కొట్టుకునేదాన్ని.

"నిప్పురవ్వలకు నేనంటే భయం అక్కా" అని నవ్వేవాడు.

ఉస్తాదు పద్ధతి వేరు. నమాజుకు ముందు కాళ్ళు చేతులు కడుక్కున్నంత నిదానంగా మిషన్ దగ్గరికి పోయేవాడు. ప్లగ్గు పీకి, డిస్కును వెలుగుకు పట్టి నెర్ర ఉందేమో చూసేవాడు. గార్డు గట్టిగా ఉందో లేదో కదిపేవాడు. తోలు గుడ్డ కట్టుకుని, చెవుల్లో బిరడాలు పెట్టుకుని, కళ్ళద్దాలు, వాటి మీద మొహమంతా మూసే ఫేస్ షీల్డు. ఇన్ని అయినాక ప్లగ్గు పెట్టి, కాసేపు గాలిలో ఊరికే తిప్పి, తాను పక్కకు నిలబడి అప్పుడు ఇనుముకు తాకించేవాడు.

"ఆయన పెళ్ళికొడుకు వేషం కట్టేలోపల నేను నాలుగు పైపులు కోస్తా" అని మావాడు ఎగతాళి.

ఒకరోజు ఉండబట్టలేక, "సాబ్, మీరన్నా వాడికి చెప్పగూడదా?" అన్నా.

"చెప్తే చెవులు వింటాయమ్మా. చేతులు వినవు" అన్నాడాయన.

ఆ ఏడు దర్గా దగ్గర ఆడోళ్ళ వరుసకు పైపులతో అడ్డుకమ్మీలు చేసే పని మా అంగడికే వచ్చింది. ఉరుసు దగ్గర పడుతోంది. ఓబులేసు ఇంక ఆగలేకపోయినాడు. పనోళ్ళందరూ టీ తాగుతుంటే ఉస్తాదు ముందర నిలబడి అడిగేసినాడు.

"సాబ్, నా పనిలో ఏం తక్కువుంది? ఈసారన్నా నాకు మిషన్ ఇస్తారా, లేదా?"

ఉస్తాదు టీ గ్లాసు కింద పెట్టినాడు. "ఆ పైపు కోసి చూపించు."

ఇంతేనా అన్నట్టు మావాడు పైపును బిగించి, తన మిషన్ అందుకున్నాడు. అద్దాలు లేవు, గార్డు లేదు.

ఉస్తాదు మూలనున్న స్టూలు ఈడ్చుకొచ్చి, సరిగ్గా రవ్వలు ఎగిరే వైపున, డిస్కుకు ఎదురుగా వేసినాడు. దానికి ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగుతుంది. దాని మీద కూర్చుని తన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"కోయ్" అన్నాడు.

"సాబ్, పక్కకు జరగండి."

"ఏం?"

"రవ్వలు మొహాన పడతాయి."

"నీ మొహాన పడవు గదా. నా మొహాన ఎందుకు పడతాయి?"

అందరూ నవ్వినారు. మావాడూ నవ్వినాడు గానీ, స్విచ్చు మీద వేలు కదల్లేదు.

"సాబ్, తమాషా కాదు. డిస్కు గిన పగిలిందంటే..." అని నోరు మూసుకున్నాడు.

"పగుల్తుందా?" అన్నాడు ఉస్తాదు, ఏమీ తెలియనట్టు.

రెప్ప వాల్చకుండా ఎదురుగా ఆ ముసలి కళ్ళు. అన్నం పెట్టిన కళ్ళవి, నాన్న పోయినప్పుడు మా ఇంటికొచ్చి మాతోపాటు ఏడ్చిన కళ్ళు.

వాడు మిషన్ కింద పెట్టినాడు. ప్లగ్గు పీకినాడు. ఆ పాత డిస్కును ఊడదీసి, ఇంకెవరూ వాడకుండా సుత్తితో ముక్కలు చేసి చెత్తలో పారేసినాడు. గార్డులోని బూడిద దులిపి, తుడిచి, ఉన్నచోట బిగించినాడు. చిన్న మిషన్‌కు తగిన కొత్త డిస్కు తెచ్చి వేసినాడు. మెడలో తువ్వాలు తీసి నా మీదికి విసిరినాడు. తర్వాత ఉస్తాదు ముందర మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన జేబులోని అద్దాలు తీసి ఆయన కళ్ళకు పెట్టినాడు.

ఉస్తాదు కదలకుండా పెట్టించుకున్నాడు.

"నాకు నువ్వు పెట్టినావు. మరి మా ఓబులేసుకు ఎవరు పెట్టాలప్పా?"

నాకు దుఃఖం ఆగలేదు. మావాడు లేచిపోయి, దుమ్ము పట్టి మేకుకు వేలాడుతున్న అద్దాలు, షీల్డు తీసుకుని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అప్పుడు ఉస్తాదు స్టూలు పక్కకు జరుపుకున్నాడు. మిషన్ ఇస్తానని గానీ ఇవ్వనని గానీ అనలేదు.

అడ్డుకమ్మీల పని ఇంక కొంచెమే మిగిలిందనగా జరిగింది. మావాడు కోస్తున్న పైపు కింద ఆనించిన కట్టె జారింది. పైపు కుంగి, తిరుగుతున్న డిస్కును పట్టేసింది. టప్‌మని శబ్దం. చూస్తే మా తమ్ముడు నేల మీద కూలబడి ఉన్నాడు.

బ్రష్షు పారేసి పరుగెత్తినా. షీల్డు పైకెత్తి వాడి మొహం రెండు చేతులతో పట్టుకున్నా. బుగ్గల నిండా ఎరుపు! "అయ్యో దేవుడా, చంపేసినావురా నన్ను!" అని గొంతు చించుకున్నా.

"అక్కా, అక్కా... అది నీ చేతి ప్రైమరే" అన్నాడు వాడు, పీల గొంతుతో.

డిస్కు ముక్క ఒకటి గార్డుకు కొట్టుకుని వాడి కాళ్ళ దగ్గర పడింది. ఇంకొక తునక షీల్డులో దిగబడి ఉంది, సరిగ్గా కుడికన్ను ఉండే చోట. ఆ కన్నే వాడు తెరిచి కోసేది.

వాడు ఆ షీల్డు పట్టుకుపోయి ఉస్తాదు కాళ్ళ మీద పడినాడు. ఉస్తాదు షీల్డులోని తునకను వేలితో తడిమినాడు, వాడి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"లెయ్ నాయనా. ఆ పైపు ఇంకా సగమే తెగింది" అన్నాడు. మాట మామూలుగానే ఉంది గానీ, వాడి గడ్డం మాత్రం వదల్లేదు.

"సాబ్, మిమ్మల్ని కన్న తల్లి కడుపు చల్లగుండ" అన్నా నేను. ఇప్పుడు మా తమ్ముడు రెండు కళ్ళతో నన్ను చూసినప్పుడల్లా ఆ మాట అనుకుంటూనే ఉంటా.

గంధం రోజు వచ్చింది. దర్గా నుంచి వచ్చి ఉస్తాదు అందరి ముందర ఓబులేసును పిలిచినాడు. పూలదండ వేసిన మిషన్ రెండు చేతులా అందించినాడు. వాడు కళ్ళకద్దుకుని తీసుకుని, అక్కడే నిలబడినాడు.

"ఇంకేమప్పా?"

"సాబ్, ఆ స్టూలు గూడా ఇస్తారా?"

ఉస్తాదు పకపకా నవ్వినాడు. "దానికి ఒక కాలు పొట్టి గదరా!"

"నేను అతుకు వేసుకుంటా సాబ్."

ఉస్తాదు నవ్వు ఆపి, వాడి తల మీద చెయ్యి పెట్టినాడు.

ఇప్పుడు అదే బజారులో మా తమ్ముడికి సొంత అంగడి. గేట్లకు ప్రైమరు పూసేది నేనే. ఆ స్టూలుకు కాలు సరిచేసి, కోతబల్లకు ఎదురుగా, రవ్వలు ఎగిరే వైపున వేసినాడు. దాని మీద ఎవర్నీ కూర్చోనీడు. తెలియక గేటు కోసం వచ్చినవాళ్ళు కూర్చుంటే లేపి, వేరే కుర్చీ వేస్తాడు.

మొన్న ఒకాయన లేచేదైతే లేచినాడు గానీ ఊరుకోలేదు. "ఖాళీ స్టూలే గదయ్యా, ఎవరన్నా రావాల్నా?" అని అడిగినాడు.

ఓబులేసు డిస్కును వెలుగుకు పట్టి చూస్తున్నాడు. గార్డు కదిపి చూసినాడు. అద్దాలు పెట్టుకున్నాడు.

"కూర్చొనే ఉన్నాడు" అని షీల్డు దించుకున్నాడు.