మూడు ముక్కలైన గుండ్రటి బాట

1998 ఏప్రిల్ 19, ఆదివారం. పొద్దున కాస్త మబ్బు పట్టి, పదింటికల్లా విడిపోయింది. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడ్డాయి గానీ నేల తడవకముందే ఆరిపోయాయి. ఆ రోజే కానుగతోట కాలనీ పార్కులో ముంగిస తాత కన్నుమూశాడు.

అనగనగా ఒక అడవి అని మొదలుపెట్టాలి, నిజమే. కానీ పిల్లలూ, ఊరి చివర కాలనీలో అడవి ఎక్కడిది? అక్కడి జంతువులకు ఉన్నదల్లా ఒక పార్కు. అందులో ఓ కానుగ చెట్టు, కాసిని పొదలు, ఓ గేటు, ఓ కుళాయి. వీటన్నిటినీ చుట్టి వచ్చే గుండ్రటి నడక బాట. కానుగ పూలు రాలితే ఆ బాట మీద పేలాలు చల్లినట్టుండేది. సరే, పూల సంగతి అలా ఉంచండి.

పోయేముందు ముంగిస తాత అందరినీ పిలిచాడు.

"పొదలు పందికొక్కువి. చెట్టు కాకిది. గేటు దగ్గర ఎండ కాచుకునే చోటు కుక్కది," అన్నాడు.

"మరి నాకో, తాతా?" అంది కప్ప.

"నీకివ్వడానికి నా దగ్గరేముందే తల్లీ! కుళాయి కారితే నీ నీటిగుంట ఉంటుంది, లేకపోతే లేదు. అది నా చేతిలో పని కాదు." కాసేపు ఆయాసపడి మళ్లీ అన్నాడు. "ఒక్క మాట. బాటను మాత్రం పంచుకోకండి."

తాత కళ్లు మూశాడు. అందరూ ఏడ్చారు. కళ్లు ఆరకముందే కుక్క గొంతు సవరించుకుంది.

"పంచుకోని ఆస్తి పరులపాలవుతుంది," అంది.

"తాతకు వయసైపోయి అలా అన్నాడు గానీ!" అంది కాకి.

పందికొక్కు తల ఊపింది. బాట మూడు వాటాలైంది.

పందికొక్కు తన వాటాలో పెద్ద గుంత తవ్వింది. కాకి తన చెట్టు కిందుగా పోయేవాళ్ల నెత్తి మీద పొడిచింది. కుక్క గేటుకు అడ్డం పడుకుని, వచ్చినవాళ్లందరి మీదా మొరిగింది.

మా కాలేజీలో విశ్వపతి మాస్టారని లెక్కలు చెప్పేవారు. బోర్డు మీద పెద్ద సున్నా గీసి, దాన్ని ఒకచోట గోరంత చెరిపి, "ఇప్పుడిది వృత్తమేనా?" అని అడిగేవారు. "కాస్తే కదండీ పోయింది!" అనేవాళ్లం. "పోయింది కాస్తే. దాంతోపాటు వృత్తమూ పోయింది," అనేవారు. చాక్‌పీసులు జేబులో మరిచిపోయి ఇంట్లో చీవాట్లు తినేవారట పాపం. అది వేరే కథ.

సుగుణమ్మ అని మోకాళ్ల నొప్పులావిడ, చేతికర్రతో రోజూ నడకకు వచ్చేది. ఒకరోజు కుక్క మొరిగింది, కాకి పొడిచింది, కాలు గుంతలో పడబోయింది.

"ఇది పార్కా, పద్మవ్యూహమా?" అని వెళ్లిపోయింది. తర్వాత మిగతావాళ్లూ మానేశారు.

"ఎవరూ రాని పార్కుకు ఈ ఎండల్లో నీళ్లెందుకు దండగ? కుళాయి కట్టెయ్ ఐలయ్యా," అన్నారు కాలనీ పెద్దలు. తోటమాలి ఐలయ్య కట్టేశాడు.

కప్ప గుంట ఎండిపోసాగింది. అందులో దాని పిల్లలున్నాయి. కాళ్లు వచ్చి ఉంటే ఎటైనా గెంతుకుపోయేవే. ఇంకా రాలేదు. అన్నీ తోకలే.

కప్ప పందికొక్కు దగ్గరికి పోయింది. "అన్నా, ఆ గుంత పూడ్చవూ?"

"పూడుస్తాలే. నడకకు వచ్చేవాళ్లు మానేశాక నాకూ వేరుశనక్కాయలు రాల్చే దిక్కు లేకుండా పోయింది. కానీ కుక్క ఒప్పుకోవద్దూ?"

కాకి దగ్గరికి పోయింది.

"నేను పొడవను, సరేనా? అసలు పొడవడానికి మనిషన్నవాడు గేటు దాటి వస్తే కదా! ముందు ఆ గేటు దొరగారినడుగు."

కుక్క దగ్గరికి పోయింది.

"తాత నీకేమీ ఇవ్వలేదుగా? ఏమీ లేనిదానికి నోరెక్కువ!" అంది కుక్క. "గేటు వదిలేస్తే నాకేం మిగులుతుంది?"

"బాటంతా ఉంటుంది కదన్నా."

"అందరిదీ అయితే నాదెలా అవుతుందే పిచ్చిదానా?"

కప్ప తన గుంట దగ్గరికి వచ్చేసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కుక్కకు నాలుక పిడచకట్టుకుపోయింది. కుళాయి దగ్గరికి వచ్చింది. గుంటలో దోసెడు నీళ్లున్నాయి. అందులో నల్లగా పిల్లలు కిక్కిరిసి కదులుతున్నాయి. కప్ప అడ్డం రాలేదు.

"తాగన్నా," అంది. "నువ్వు తాగితే ఇవాళ అయిపోతాయి. తాగకపోతే రేపు అయిపోతాయి. అంతే తేడా."

కుక్క మూతి వంచింది. గాలి కోసం పైకి వచ్చిన ఓ పిల్ల దాని ముక్కుకు తగిలింది, చక్కిలిగింత పెట్టినట్టు. కుక్క ఆగింది. తర్వాత తాగకుండానే వెళ్లి, గేటుకు అడ్డం కాకుండా గోడవారగా పడుకుంది.

అది చూసి పందికొక్కు గుంత పూడ్చింది. కాకి ముక్కు రెక్కలో దాచుకుంది.

తెల్లారాక అటుగా పోతున్న సుగుణమ్మ గేటులోంచి తొంగిచూసింది.

"ఏరా, ఇవాళ మొరగవా? ఒంట్లో బాలేదా?"

కుక్క తోక ఊపింది. ఆవిడ లోపలికి వచ్చింది. కర్ర పొడుచుకుంటూ బాటంతా చుట్టి వచ్చి కూలబడింది.

"ఐలయ్యా, గొంతెండిపోతోంది. కుళాయి విప్పవయ్యా!"

"కట్టెయ్యమన్నారు కదమ్మా."

"ఎవరూ రావట్లేదనే కదా కట్టించారు? మరి నేనెవర్ని, మనిషిని కానా?"

ఐలయ్య నవ్వి కుళాయి విప్పాడు. ఆవిడ తాగగా జారిన నీళ్లు గుంటలోకి పోయాయి. పిల్లల్లో చాలా బతికాయి. అంచున బురదలో చిక్కుకున్నవి కొన్ని బతకలేదు. కప్ప వాటి పక్కన కాసేపు కూర్చుంది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. చెట్టు కాకి పిల్లలకు దక్కింది. పొదలు పందికొక్కు సంతానానికి దక్కాయి. ఏ తాతా ఇవ్వని గుంట కప్ప పిల్లలకూ, వాటి పిల్లలకూ వచ్చింది. కుక్క వదులుకున్న గేటు పక్క చోటు నడకకు వచ్చేవాళ్ల సైకిళ్ల పాలైంది. బాట ఎవరి వాటాకూ రాలేదు. కుక్కకు ఏమీ దక్కలేదు. బతికినన్నాళ్లూ పొద్దున్నే సుగుణమ్మ వెనకాలే ఆ బాటంతా చుట్టి వచ్చేది, అంతే.

నీతి: అందరూ నడిచే బాటను ఎవరి వాటా వాళ్లు కోసుకుంటే, ఎవరి వాటాలోనూ బాట మిగలదు.