సగం అల్లిన గూడు

అనగనగా పిట్టలు కూడా పరీక్షలకు కూర్చునే కాలమొకటి ఉండేది. ఆ కాలంలో ఓ మోటబావి మీదికి వంగిన తుమ్మచెట్టుపై గిజిగాళ్ల బడి నడిచేది. గురువు ముసలి కపిలాచార్యుడు. వానలు రాకముందే శిష్యులు తలా ఒక గూడు అల్లి చూపాలి. నెగ్గినవాడికి బావి మీది కొమ్మ సొంతం. తప్పినవాడు మరో ఏడాది అమ్మ గూట్లోనే ముడుచుకోవాలి.

పింగళుడికి ఆ కొమ్మంటే ప్రాణం. పాపం, వాడి ముక్కుకు చురుకు తక్కువ. అందుకే రోజూ తెల్లారగానే, మేతకు పోకముందే గడ్డిపోచ తెచ్చి ముడి వేసేవాడు. వంకర పోతే విప్పి మళ్లీ వేసేవాడు. వాడి పెదనాన్న కొడుకు హేముడు మాత్రం జొన్నచేల వెంట షికార్లు కొట్టేవాడు.

పరీక్ష రేపనగా పింగళుడి గూడు సగమే అయింది. హేముడు వచ్చి చెవిలో ఊదాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఈతచెట్టుకు నిరుటి గూళ్లు రెండు ఖాళీగా వేలాడుతున్నాయి. పైన పచ్చగడ్డి చుడితే గురువుగారికేం తెలుస్తుంది? ఒకటి నాకు, ఒకటి నీకు!"

పింగళుడి మనసు లాగింది. వెళ్లి వాటిలో ఒక గూట్లో దూరి కూర్చున్నాడు కూడా. ఎంత చక్కగా ఉందో! కానీ అందులో తన ముడి ఒక్కటీ లేదు. వాడికి ఏడుపొచ్చి తిరిగి వచ్చేశాడు.

మర్నాడు కపిలాచార్యుడు, పచ్చగడ్డి చుట్టి తెచ్చిన హేముడి గూటిని ముక్కుతో లాగాడు. ఊడలేదు. కొమ్మ పట్టి ఊపాడు. చెదరలేదు. "భేష్!" అన్నాడు. పింగళుడు తన సగం గూటి వైపు చూసుకున్నాడు.

మూడోసారి గురువు ఒక ముడి విప్పి, "ఇది మళ్లీ వెయ్యి నాయనా" అన్నాడు. హేముడు పోచను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి తన కాలికే చుట్టుకున్నాడు. చెట్టంతా కిచకిచలు!

"గురువుగారూ, నాది సగమేనండీ" అన్నాడు పింగళుడు తల దించుకుని. గురువు లాగాడు, ఊపాడు, ముడి విప్పాడు. పింగళుడు దాన్ని కళ్లు మూసుకుని వేసేశాడు.

"సగం గూడు రేపో మాపో పూర్తవుతుంది నాయనా. ఎత్తుకొచ్చిన గూడు ఎన్నేళ్లున్నా మనది కాదు. ఆ కొమ్మ నీదే, పో!"

తొలకరి పడేనాటికి పింగళుడు గూట్లో చేరాడు. ఓ పొద్దున హేముడు సిగ్గుపడుతూ గడ్డిపోచతో వచ్చాడు.

"మొదటి ముడి నేర్పరా."

"రా అన్నా, కూర్చో" అని పింగళుడు ప్రేమగా పక్కకు జరిగాడు.

చూశారా పిల్లలూ, రోజూ కొంచెం కొంచెంగా, నిజాయితీగా నేర్చుకున్న చదువే పరీక్షలో మనల్ని కాపాడుతుంది.