నూట యాభై ఏడు దగ్గర ముల్లు

వామనమూర్తి మూడో మీటరు తగిలించాడు. ముల్లు మళ్ళీ నూట యాభై ఏడు దగ్గరే ఆగింది. అతని లెక్క ప్రకారం నూరు దగ్గర ఆగాలి.

కాకినాడలో దస్తగిరి మాస్టారి వైర్‌లెస్ వర్క్‌షాపులో చేరాక అతను సొంతంగా చేసిన మొదటి ఫిల్టరు అది. రేడియోలో అక్కర్లేని రొదను అడ్డుకోవడం దాని పని. అయినా కొంత రొద దాటుతుంది. ఎంత దాటుతుందో ఆ అంకె ఫిల్టరు డబ్బా మీద రాసి సంతకం పెడితే, సాయంత్రానికి హార్బరుకు వెళుతుంది. అంకె తప్పయితే సంతకంతో సహా తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చిన డబ్బాలను మాస్టారు వీధి గుమ్మం పక్కన, అందరికీ కనబడేలా గోడకు తగిలిస్తారు.

"మీటర్లు మూడూ పాడయ్యాయండీ," అన్నాడు వామనమూర్తి, స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంటూ.

ఇరవై ఏళ్ళుగా చెడని మీటర్లు ఒకే పూట కూడబలుక్కుని చెడ్డాయట. మాస్టారు నవ్వలేదు. "నీ గీత చూపించు," అన్నారు.

గ్రాఫు కాగితం మీద ఫిల్టరు గీత కొండలా లేచి, రెండు పక్కలకీ మెల్లగా జారిపోయింది. వామనమూర్తి అందరిలాగే సగం ఎత్తు దగ్గర దాని వెడల్పు కొలిచి, పూర్తి ఎత్తుతో హెచ్చవేసి, దాటే రొద నూరే అని తేల్చేశాడు.

మాస్టారు సొరుగులోంచి పొట్లం తీసి, వేయించిన శనగలు బల్ల మీద కుప్ప పోశారు.

"దీని వెడల్పెంత?"

వామనమూర్తి స్కేలు తెచ్చి సగం ఎత్తు దగ్గర పెట్టాడు. "మూడంగుళాలండీ."

మాస్టారు ఆ గ్రాఫు కాగితాన్నే మూడంగుళాల గొట్టంగా చుట్టి, కుప్ప ఎత్తుకు కత్తిరించి నిలబెట్టారు. వామనమూర్తికి ప్రాణం ఉసూరుమంది. ఆ గీత గీయడానికి వారం పట్టింది.

"ఇందులో పొయ్యి."

పోశాడు. గొట్టం అంచుదాకా నిండింది. బల్ల మీద ఇంకా బోలెడు మిగిలాయి. పట్టుదలకొద్దీ మరో గుప్పెడు కుక్కితే అవి దొర్లుకుంటూ బీరువా కిందికి పోయాయి.

"ఏరు," అన్నారు మాస్టారు.

మోకాళ్ళ మీద పాకుతూ ఏరాడు. లేచేసరికి చొక్కా నిండా దుమ్ము, గుప్పిట్లో శనగలు. మీటరు వైపు చూశాడు. గీత రెండు పక్కలా జారిన చోట దాటే రొదను తను లెక్కలోకే తీసుకోలేదు. చాలా సిగ్గేసింది.

"మాస్టారూ, మరి ఈ మిగిలినవి ఎక్కడ పెట్టమంటారు?"

మాస్టారు అందులోంచి ఒక శనగ తీసుకుని, ఊది, నోట్లో వేసుకున్నారు.

"అంకెలో పెట్టు."