ముక్కు దగ్గర ఆగిన బండ

అనగనగా ఒక రాజు. ఆ రాజు సంగతి తర్వాత. అన్యాయం జరిగింది ఆయన కూతురు మందారవల్లికి. ప్రభవ నామ సంవత్సరం మాఘ శుద్ధ పంచమి నాడు, తలంబ్రాలు ఇంకా దోసిట్లో ఉండగానే, కాలఝంకారుడనే మాంత్రికుడు సుడిగాలై వచ్చి పెళ్ళికొడుకు జయకేతుణ్ణి ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తన కోటలో రాతిబొమ్మను చేసి నిలబెట్టాడు.

పెద్దన్న వెళ్ళాడు, రాయయ్యాడు. చిన్నన్న వెళ్ళాడు, రాయయ్యాడు.

"ఇక నేను వెళ్తా" అంది మందారవల్లి.

"ఆడపిల్లవి, నీ వల్ల ఏమవుతుందమ్మా?" అన్నాడు రాజు.

"మగపిల్లల వల్ల రెండు రాళ్ళయ్యాయిగా నాన్నగారూ!"

ఒడ్డున వలలో చిక్కిన ముసలి తాబేలును విడిపించింది. అది ఆమెను వీపున ఎక్కించుకుని, సముద్రానికి నెల చొప్పున ఏడూ దాటించింది.

"ఆ మాంత్రికుడి ప్రాణం వాడి మెళ్ళో వేలాడే పంజరంలోని చిలకలో ఉంది తల్లీ. ఆ పంజరం మీద చెయ్యి వేసిన మనిషి బూడిదే."

"మరి దాన్ని పగలగొట్టేదెలా?"

"నాకు ఈదడం వచ్చు, అంతే!" అంది తాబేలు.

కాలఝంకారుడు ఆమెను చూసి పగలబడి నవ్వాడు. "మూడు పందేలు. గెలిస్తే నీవాళ్ళు నీకు. ఓడితే నువ్వూ రాయే."

మొదటిది, నీళ్ళ చెంబు కింద పరిచిన పట్టుగుడ్డను చుక్క ఒలక్కుండా తియ్యాలి. పెద్దన్న భయపడుతూ మెల్లగా లాగాడట. గుడ్డతోపాటు చెంబూ వచ్చి బోర్లాపడింది. మందారవల్లి ఒక్క ఉదుటున లాగేసింది. గుడ్డ చేతికొచ్చింది, చెంబు ఉన్నచోటే ఉంది.

రెండోది, బురదలో దిగబడిన రాయిని కదిలించాలి. చిన్నన్న వాటేసుకుని నడుం విరగ్గొట్టుకున్నాడట. ఆమె రాయి కిందికి గునపం దూర్చి, దాని మొన దగ్గర చిన్న రాయి ఆనించి, అవతలి కొస మీద బరువేసి తొక్కింది. రాయి లేచింది.

మూడోది, కోట కప్పు నుంచి గొలుసుకు వేలాడే ఏనుగంత బండ. మాంత్రికుడి భూతాలు దాన్ని లాగి, ఎదురుగా నిలబడ్డవాళ్ళ ముక్కుకు ఆనిస్తాయి, వదులుతాయి. అది పోయి తిరిగొచ్చేదాకా అడుగు కదలకూడదు.

మందారవల్లికి నవ్వొచ్చింది. చిన్నప్పుడు దాది తిడుతున్నా వినకుండా, ఉయ్యాలబల్లను గడ్డానికి ఆనించి వదిలి, నిలబడి చూసేది. ఎంత ఎత్తు నుంచి వదిలితే అంత ఎత్తుకే వస్తుంది, అంతకు మించి రాదు. ఒకసారి తోసి వదిలింది. ఆ మచ్చ గడ్డం మీద ఇంకా ఉంది.

"ఒరే భూతాలూ, వదలండి. తోశారో, చెవులు మెలేస్తా!"

బండ వెళ్ళింది. గిర్రున కాదు, గంభీరంగా వెళ్ళింది. తిరిగొచ్చింది. బండ ఆమె ముక్కుకు వెంట్రుకవాసి దూరంలో ఆగి, వెనక్కి మళ్ళింది.

"ఏం మంత్రమే అది?" అని అరిచాడు మాంత్రికుడు.

"మంత్రమూ లేదు, మట్టీ లేదు. ఆడదాన్ని నేను నిలబడ్డాను. నీకు గుండె ఉంటే నువ్వూ నిలబడు."

వాడి మీసం లేచింది. గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఊరికే వదలడమేంటి, చేతకాని పని! బలంగా తోయండ్రా వెధవల్లారా!"

భూతాలు తోశాయి. బండ వదిలిన ఎత్తునూ మోసుకొచ్చింది, తోసిన బలాన్నీ మోసుకొచ్చింది. ముక్కు చితికింది, మెళ్ళో పంజరం తలుపు ఊడింది.

"నూరేళ్ళు మోశాను నీ పాడు ప్రాణం, ఇక నా వల్ల కాదు!" అని చిలక కిటికీలోంచి తుర్రుమంది. కాలఝంకారుడు గుప్పెడు బూడిదయ్యాడు.

రాళ్ళు మూడూ మనుషులయ్యాయి. మిగిలిన తలంబ్రాలు అక్కడే పోసుకున్నారు. జయకేతుడూ మందారవల్లీ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఆ బండ మీద చెక్కడానికి కవులు వంద పద్యాలు తెచ్చారు. ఆమె అన్నీ తిప్పి పంపి, ఇంతే చెక్కించింది:

"వదిలాను, తోయలేదు. శుక్ల నామ సంవత్సరం వైశాఖ శుద్ధ సప్తమి, బుధవారం."