దానియేలు రెండో మాట

చెన్నకేశవ వాదనలో ఎప్పుడూ ఓడిపోలేదు. ఓటింగులో ఎప్పుడూ గెలవలేదు.

ఒక ఏడాది ఇలా జరిగితే ఖర్మ అనుకోవచ్చు. రెండో ఏడాదీ జరిగితే ఎవరో కుట్ర చేశారనుకోవచ్చు. మూడేళ్ళు వరసగా జరిగేసరికి ఏమనుకోవాలో అతనికి తెలియలేదు. నాలుగో సదస్సు ఇంకా మూడు రోజులుందనగా సైదయ్య తాత దగ్గరికి వెళ్ళి తన బాధ చెప్పుకున్నాడు.

సైదయ్య తాత పెదరేవుల దర్గాలో ఉంటాడు. దూదేకుల మనిషి. జనం నలుమూలల నుంచి వచ్చి కాళ్ళకు మొక్కుతున్నా పరుపులు కుట్టడం మాత్రం మానలేదు. ఆరేళ్ళ కిందట తండ్రి పోయిన దిగులుతో చెన్నకేశవ ఆ దర్గా అరుగు మీదికి వచ్చి ఓ మూల కూర్చున్నాడు. తాత ఏమీ అడగలేదు, కాసిని టీ పోశాడు. ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చి ఆవరణ ఊడ్చడం, నీళ్ళు తోడడం, తాత పక్కన కూర్చోవడం మొదలుపెట్టి, ఎప్పుడన్నది తెలియకుండానే శిష్యుడైపోయాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళవాడు. మిరప రైతు, ఊళ్ళో రైతు సంఘానికి అధ్యక్షుడు. చదువుకున్నవాడు, ఏ విషయమైనా మూలం నుంచి తెలుసుకుని మాట్లాడతాడు. గొంతు సంగతి చెప్పనక్కర్లేదు, మైకు పాడైనా సభ ఆగదు.

"నేను చెప్పేది తప్పా తాతా?" అని అడిగాడు.

"తప్పని ఎవరన్నారు?"

"పోనీ, ఎవరన్నా అడిగినదానికి జవాబు చెప్పలేక నీళ్ళు నమిలానా?"

"నువ్వా? అబ్బే."

"మరి చేతులెత్తమన్నప్పుడు ఒక్కడూ ఎత్తడేం?"

తాత పొడవాటి సూదిలోకి దారం ఎక్కించే పనిలో ఉన్నాడు. రెండుసార్లు తప్పి మూడోసారి ఎక్కింది.

"ఈ ఏడు చూద్దాంలేరా" అన్నాడు.

ఆ సదస్సు గురించి కొంచెం చెప్పాలి. ఏటా ఉరుసు అయిపోగానే షామియానా విప్పెయ్యకుండా ఇంకో మూడు రోజులు అలాగే ఉంచుతారు. ఆ మూడు రోజులూ చుట్టుపక్కల నలభై ఊళ్ళ కుర్ర నాయకులు దాని కింద చేరతారు. సర్పంచులు, రైతు సంఘాల వాళ్ళు, కూలీ సంఘాల వాళ్ళు, మహిళా సంఘాల వాళ్ళు. పార్టీ కండువాలు మాత్రం గేటు దగ్గర కొక్కేనికి తగిలించి లోపలికి రావాలి. పంచాయతీకి అధికారం ఉందా, బోర్డు మాత్రమే ఉందా? పంటను ఫోన్లో అమ్ముకుంటే దళారి పోతాడా, ఫోన్లోకి దూరతాడా? ఇలాంటివన్నీ తేల్చుకుని చివరి రోజు ఒక తీర్మానం చేస్తారు. అది కలెక్టరుగారికి వెళుతుంది. రెండేళ్ళ కిందట వెళ్ళిన తీర్మానం వల్ల కొండ అవతలి ఊళ్ళకు బస్సు వచ్చింది కాబట్టి దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఎవరి తీర్మానం నెగ్గితే వాళ్ళే వచ్చే ఏటికి సదస్సు పెద్ద.

అక్కడ తాత పెట్టిన నియమాలు రెండే. ఒకటి, మాట్లాడదలచుకున్నవాళ్ళకు రోజుకు ఒక ఊదుబత్తి. వెలిగించి ఇసుక గిన్నెలో గుచ్చుతాడు, అది ఆరిపోయేదాకా మాట్లాడుకోవచ్చు. మధ్యలో ఎవరన్నా అందుకున్నా బత్తి మాత్రం ఆగదు. తీర్మానం పెట్టినవాళ్ళకు అందరికంటే చివర ఇంకో సగం బత్తి. రెండోది, గొంతుతో వినిపించని మాట సభలో లెక్కకు రాదు. కాగితాలు పంచడాలు, ఫోన్లకు పంపడాలు చెల్లవు.

ఆ ఏడు చెన్నకేశవ తెచ్చిన తీర్మానం డ్రోన్ల మీద. మిరప చేలకు మందు కొట్టే డ్రోన్లు ప్రతి రైతు సంఘానికీ ఇవ్వాలి, వాటిని నడిపే శిక్షణ ఊళ్ళోనే ఇవ్వాలి అని. పేరు కోసం తెచ్చిన తీర్మానం కాదది. కిందటి కార్తీకంలో అతని చేలోనే మందు కొడుతూ ఒక కూలీ వీపున ట్యాంకుతో సహా సాళ్ళ మధ్య కుప్పకూలాడు. అతన్ని బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది చెన్నకేశవే. మనిషి బతికాడు. కానీ దారి పొడవునా తన మెడ మీద పడిన ఆ ఊపిరిని చెన్నకేశవ మరిచిపోలేకపోయాడు. ఈసారి ఓడిపోతే ఇంకో పంట కాలమంతా మనుషులు అలాగే ట్యాంకులు మోస్తారు. అందుకే ఈసారి గెలవాలని అంత పట్టుదల.

అడ్డు తగిలినవాడు దానియేలు. వెలగలపాడు కూలీ సంఘం మనిషి. సన్నని గొంతు, నిదానం మనిషి, ఒక్కో మాటా వెతికి తెచ్చుకుని మాట్లాడతాడు. మొదటి రోజు తన బత్తి వెలగగానే లేచి, "డ్రోన్ వస్తే మావాళ్ళ మందు కొట్టే పని పోతుంది" అన్నాడు.

"అది కాదండీ!" అని చెన్నకేశవ అందుకున్నాడు. ట్రాక్టరు వచ్చినప్పుడూ ఇదే అన్నారన్నాడు, ఫోను వచ్చినప్పుడూ ఇదే అన్నారన్నాడు. మార్పును ఆపాలనుకునేవాళ్ళు చివరికి ఎక్కడ మిగిలిపోయారో ఊళ్ళ పేర్లతో సహా చెప్పాడు. బ్రహ్మాండంగా మాట్లాడాడు. సభలో చప్పట్లు కూడా పడ్డాయి. దానియేలు గొంతు పెంచి మళ్ళీ మొదలుపెట్టాడు, చెన్నకేశవ ఇంకాస్త పెంచాడు. రెండో రోజూ అదే తంతు. సాయంత్రానికి దానియేలు ఎండిపోయిన పెదాలు తడుపుకుంటూ కూలబడ్డాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక, సదస్సుకు వచ్చిన సర్పంచుల్లో ఒకామె, సుభాషిణి, చేతులు కడుక్కుంటూ చెన్నకేశవతో అంది: "బాగా మాట్లాడతారు కేశవగారూ. మీరు మాట్లాడాక ఇంక మాట్లాడడానికి ఎవరికీ ఏమీ మిగలదు."

దాన్ని అతను మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాడు.

మూడో రోజు పొద్దున దానియేలు మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. చేతిలో నాలుగు కాగితాలు. తన వంతు రాగానే లేచి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని ఇంకోసారి చూశాడు. మళ్ళీ గాలే. రెండు రోజుల అరుపులకు మనిషి గొంతు పూర్తిగా పోయింది.

సభలో గుసగుసలు బయలుదేరాయి. వినిపించని మాట లెక్కకు రాదు. అంటే దానియేలు వాదన లేనట్టే. చెన్నకేశవ లోపల చిన్న సంతోషం ఒకటి తల ఎత్తింది. దాన్ని చూసుకుని సిగ్గుపడ్డాడు గానీ పొమ్మనలేదు.

"ఎవరన్నా చదివిపెడితే సరిపోతుంది కదా తాతా, నేను చదవనా?" అని సుభాషిణి లేచింది.

తాత కుడుతున్న పరుపు పక్కకు జరిపి లేచాడు. దానియేలు చేతిలోని కాగితాలు తీసుకున్నాడు. మెల్లగా నడుచుకుంటూ వచ్చి వాటిని చెన్నకేశవ ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు చదువు."

"నేనా తాతా? నేను వాళ్ళకు ఎదుటి పక్షం కదా!"

"అయితే ఏంది? గొంతు ఉండేది నీకేగా."

సభ నవ్వింది. దానియేలు నవ్వలేదు, వద్దనీ అనలేదు. తాత వెళ్ళి ఊదుబత్తి వెలిగించి ఇసుకలో గుచ్చాడు. ఇంక తప్పేది లేక చెన్నకేశవ లేచి నిలబడ్డాడు.

గట్టిగానే చదవడం మొదలుపెట్టాడు. కాకపోతే ఎవరిమీదో వచ్చిన ఫిర్యాదు చదువుతున్నట్టు చదివాడు.

"సభకు నమస్కారం. డ్రోన్ వస్తే మావాళ్ళ మందు కొట్టే పని పోతుంది."

అక్కడికి వచ్చి ఆగిపోయాడు. రెండు రోజులుగా ఆ మాట దగ్గర తన జవాబు సిద్ధంగా ఉండడం అలవాటైపోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అది కాదండీ..."

ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా వచ్చాయి. తాత మాత్రం తల ఎత్తలేదు.

"కాగితంలో అట్టా రాశాడా?" అని అడిగాడు.

"లేదు తాతా."

"రాసింది చదువు."

చెన్నకేశవ కాగితంలోకి చూశాడు. దాని తర్వాతి వాక్యంలో ఉన్నది ఒకే ఒక్క మాట. దాన్ని మనసులో ఒకసారి చదువుకున్నాడు. సరిగ్గా చూడలేదేమోనని కాగితం దగ్గరికి తెచ్చుకుని ఇంకోసారి చదువుకున్నాడు. తల ఎత్తి దానియేలు వైపు చూశాడు. దానియేలు రెప్ప వెయ్యకుండా తన నోటి వైపే చూస్తున్నాడు.

"కనపడట్లేదా?" అన్నాడు తాత.

"కనపడుతోంది తాతా."

"మరి?"

"పోవాలి" అని చదివాడు చెన్నకేశవ.

సభలో ఎవరికీ అర్థం కాలేదు. అతను మొదటి నుంచి మళ్ళీ చదివాడు. "డ్రోన్ వస్తే మావాళ్ళ మందు కొట్టే పని పోతుంది. పోవాలి. మా నాన్న ఇరవై రెండేళ్ళు ట్యాంకు వీపున వేసుకుని మందు కొట్టాడు. ఇప్పుడు ఆయనకు అన్నం వాసన తెలియదు. చొక్కా బొత్తాం ఆయన పెట్టుకోలేడు, నేను పెడతాను. ఆ పని నా కొడుక్కి వద్దు. డ్రోన్లు రావాలి. వచ్చే ఏడు కాదు, ఈ పంటకే రావాలి."

ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళు తలలెత్తారు. చెన్నకేశవ గొంతులో ఫిర్యాదు చదివే ధోరణి ఎప్పుడో పోయింది. రెండో కాగితం తిప్పాడు.

"నేను అడిగేది ఒకటే. దాని రిమోటు ఎవరి చేతిలో పెడతారు? ఇంటరు చదివినవాళ్ళకే శిక్షణ అని తీర్మానంలో రాశారు. మావాళ్ళలో ఇంటరు చదివినవాళ్ళు లేరు. కానీ ఏ చేలో గాలి ఏ పూట ఎటు తిరుగుతుందో మావాళ్ళకు తెలుసు. పురుగు ముందు ఏ మూల దిగుతుందో తెలుసు. అది మేము చదివి తెలుసుకోలేదు, ఒంటితో తెలుసుకున్నాం. ట్యాంకు దించిన చేతికే రిమోటు ఇవ్వమని అడుగుతున్నాం."

ఇంటరు చదివినవాళ్ళకే అన్న షరతు రాసింది చెన్నకేశవే. చదువుకున్నవాళ్ళయితే తొందరగా నేర్చుకుంటారని మంచికే రాశాడు. రాసేటప్పుడు తప్పనిపించలేదు. ఇప్పుడు తన గొంతుతోనే అది బయటికి వినిపించేసరికి చెవులు వేడెక్కాయి.

మిగతా రెండు కాగితాలూ ఆపకుండా చదివాడు. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఒక పెద్దమనిషి మాత్రం, "కేశవా, ఇన్నేళ్ళలో నువ్వు మాట్లాడినదాంట్లో ఇదే బాగుందయ్యా" అన్నాడు. చెన్నకేశవ చదివింది ఇంకొకరి మాటలని ఆయన ఆ క్షణానికి మరిచిపోయినట్టున్నాడు. చెన్నకేశవకు నవ్వు రాలేదు. కాగితాలు వరసగా పేర్చి, రెండు చేతులతో దానియేలుకు ఇచ్చి వచ్చాడు.

మిగతావాళ్ళ వంతులయ్యాయి. తాత ఇంకో ఊదుబత్తి తీసి సగానికి విరిచాడు.

"నీ ముగింపు మాటరా. దీని తర్వాత చేతులెత్తడమే."

అది వెలిగింది. చెన్నకేశవ తన ఫైలు తెరిచాడు. దానియేలు కోసం రాసిపెట్టుకున్న జవాబులు పదకొండు. ఒక్కోటి తిప్పి చూసుకున్నాడు. ట్రాక్టరు, ఫోను, మార్పును ఆపలేమన్న మాట, పక్క రాష్ట్రం సంగతి. అన్నీ గట్టి జవాబులే. అందులో ఒక్కటి కూడా దానియేలు అడిగినదానికి కాదు. మూడేళ్ళుగా ఇలాంటి జవాబులే చెబుతూ వచ్చానా అనిపించింది. ఫైలు మూసి కుర్చీలో పెట్టాడు.

ఎప్పుడూ సభ వైపు తిరిగి మాట్లాడేవాడు, ఈసారి దానియేలు వైపు తిరిగాడు.

"దానియేలన్నా, ఇంటరు షరతు తీసేస్తా. అందులో అనుమానం లేదు. కానీ శిక్షణ అయ్యాక పరీక్ష పెడతారు. అది ఇంగ్లీషులో ఉంటదంట. మీవాళ్ళు దాన్ని ఎట్టా గట్టెక్కుతారు? నాకు తోచట్లా. నువ్వేమన్నా ఆలోచించావా?"

నాలుగు సదస్సుల్లో చెన్నకేశవ జవాబు తెలియకుండా ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. అందరూ దానియేలు వైపు చూశారు. అతను ఆత్రంగా నోరు తెరిచాడు. గాలే వచ్చింది. చేతి వేళ్ళతో రాస్తున్నట్టు చూపించాడు. సుభాషిణి తన పెన్ను అందించింది. దానియేలు ఒక కాగితం వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు.

అతను మాట్లాడడమే నిదానం. రాయడం ఇంకా నిదానం. రెండు ముక్కలు రాసి ఆగాడు, ఆలోచించాడు, ఒకటి కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. షామియానా కింద నూటయాభై మంది ఆ పెన్ను వైపే చూస్తూ కూర్చున్నారు. చెన్నకేశవ నిలబడే ఉన్నాడు.

ఊదుబత్తి సగంలో సగం అయింది. ఇంకా తగ్గింది.

"కేశవా, నీ టైము అయిపోతా ఉంది!" అని అతని ఊరివాళ్ళు కేకేశారు. "ఊరికే నిలబడతావేంది? చెప్పాల్సింది చెప్పెయ్యి. ఈ ఏడు కూడా పోగొట్టుకుంటావా?"

చెన్నకేశవ వాళ్ళను ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. గొంతు దాకా ఎన్నో మాటలు వచ్చాయి, మింగేశాడు.

తాత చేతిలోని సూది ఆగింది.

"ఎవరి బత్తిరా ఆ కాలేది?"

"నాదే తాతా."

"ఆరిపోతే నీ మాట మిగిలిపోదూ?"

"మిగిలితే మిగలనీండి తాతా. ఆయన్ని రాయనీండి."