కారు పందిరి

కొత్తమెట్ట ప్రెసిడెంటు రంగనాయకులు కరెంటు కారు కొన్నాడు. ఎండలో నిలిపితే లోపల పెనంలా కాలిపోతోంది. ఏసీ వేసి వదిలేద్దామంటే చార్జింగు దిగిపోతోంది. పంచాయతీ ఆఫీసు ముందు కారుకి తాటాకు పందిరి వెయ్యమని ఊళ్లో పందిళ్లు వేసే గవరమ్మని పిలిపించాడు.

"అర్జీలు పట్టుకొచ్చిన జనం ఎండలో మాడిపోతన్నారు బాబూ. కాస్త పెద్దది వెయ్యనా?" అందామె.

"కారు వరకే చాలు."

గవరమ్మ కొలిచినట్టు కారంతే వేసింది. పొద్దు వాలగానే నీడ పక్కకి జారిపోయింది. ప్రెసిడెంటు సీట్లో కూర్చుని కెవ్వుమన్నాడు.

"పొద్దున్నించి సాయంత్రం దాకా కారు మీద ఎండ పడడానికి వీల్లేదు!"

"అలాగే బాబూ," అని గవరమ్మ పందిరిని రెండు పక్కలా బారుగా పొడిగించింది.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే జనమంతా ఆ పందిరి కిందే కూర్చున్నారు.

"ఇది కారు పందిరి కదే!" అని ప్రెసిడెంటు గదిమాడు.

"కారుదే బాబూ. ఈ పక్క ఆకులకి సాయంత్రం గాని పని లేదు. అందాకా వీళ్లు కూకున్నారు."

"మరి సాయంత్రం?"

"తమరు పని చేసి పంపేస్తే, సాయంత్రం దాకా వీళ్లెందుకుంటారు బాబూ?"

ప్రెసిడెంటు లోపలికెళ్లి మొదటి మనిషిని పిలిచాడు.